సిస్టమ్స్ అనాలిసిస్ కోర్సులో తప్పు పాఠాలపై ఫిర్యాదు

కోర్సుల విభాగం మేనేజర్ గారికి,

విషయం: స్ట్రక్చర్డ్ సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్ ప్రాథమిక కోర్సులో తప్పులు సరిచేయడం, నా అసైన్‌మెంట్ మళ్లీ దిద్దడం గురించి.

నమస్కారం. నేను బీకాం చదివి అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. బిజినెస్ అనలిస్ట్ పనికి మారాలని ఫీజు మొత్తం కట్టి మీ కోర్సులో చేరాను. పాఠం అర్థం కాకపోతే ఇంకోసారి వింటాం. పాఠమే తప్పయితే, అప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు దాన్నే నిజమనుకుంటారు.

డేటా ఫ్లో డయాగ్రమ్‌కి, అంటే సమాచారం ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే బొమ్మకి, మీరు లైబ్రరీని ఉదాహరణగా తీసుకున్నారు. అందులో సభ్యుడి దగ్గర్నుంచి బాణం నేరుగా ‘పుస్తకాల ఫైలు’ అనే డేటా స్టోర్‌లోకి (సమాచారం దాచే చోటులోకి) వెళ్తోంది. మధ్యలో ప్రాసెస్ లేకుండా అలా గీయకూడదు. మామూలుగా లైబ్రరీలో సభ్యుడు వచ్చి రిజిస్టర్‌లో తనే రాసుకుని పోడు కదా, కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు కార్డు చూస్తారు. ఆ చూసే పనే ప్రాసెస్. అదే బొమ్మలో ‘జరిమానా లెక్కించు’ అనే ప్రాసెస్‌కి సభ్యుడి నంబరు ఒక్కటే అందుతోంది. గడువు తేదీ, పుస్తకం తిరిగిచ్చిన తేదీ తెలియకుండా జరిమానా ఎలా తేలుతుంది? మొత్తం వ్యవస్థని ఒకే ప్రాసెస్‌గా చూపే కాంటెక్స్ట్ డయాగ్రమ్‌లో ఎక్కడా లేని సప్లయర్ బిల్లు, దాన్ని విడదీసి చూపే లెవల్ 1 బొమ్మలో ఊడిపడింది. ప్రాసెస్‌ని చూపడానికి రెండు వేర్వేరు పద్ధతుల్లో వాడే గుర్తులు, డిమార్కో గుండ్రాలు, గేన్-సార్సన్ డబ్బాలు, ఒకే బొమ్మలో కలిసిపోయాయి.

ఏ షరతులుంటే ఏం చేయాలో చూపే పట్టిక, డిసిషన్ టేబుల్ కూడా అంతే. అవును, కాదు అని జవాబు వచ్చే షరతులు మూడుంటే 8 రూల్స్, అంటే జవాబుల కలయికలు, రావాలి. జవాబుతో పనిలేని చోట గీత పెట్టి కొన్ని కలపొచ్చు. మీరు ఏదీ కలపకుండానే 5 రాసి వదిలేశారు. మిగతా మూడు సందర్భాల్లో కౌంటర్ గుమస్తా పుస్తకం ఇవ్వాలా, వద్దా?

అన్నిటికన్నా బాధ కలిగించింది అసైన్‌మెంట్. సభ్యుడికీ ఫైలుకీ మధ్య ‘పుస్తకం జారీ చేయి’ ప్రాసెస్ పెట్టి గీస్తే తప్పని మార్కులు కోసేశారు. సపోర్ట్‌ని అడిగితే ఆన్సర్ కీ ప్రకారమే దిద్దామని ఒక్క లైను పంపారు. ఆ మార్కుల వల్లే నా సర్టిఫికెట్ ఆగిపోయింది. ఇంటర్వ్యూలు దగ్గరపడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

ఈ సబ్జెక్టు తెలిసిన అధ్యాపకుల చేత ఆ బొమ్మలు, ఆన్సర్ కీ సరిచేయించి, నా అసైన్‌మెంట్ మళ్లీ దిద్దించండి. ఇదే కీతో మార్కులు పోయిన మిగతా విద్యార్థులకూ అలాగే చేయాలి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. అది కుదరకపోతే నా ఫీజు వాపసు చేయండి. రెండూ జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ బొమ్మల స్క్రీన్‌షాట్లు, నా అసైన్‌మెంట్, ఫీజు రసీదు జతచేశాను.

ఇట్లు,
మీ కోర్సు విద్యార్థిని