కెమెరాల పాస్‌వర్డు నీ దగ్గరే ఉండాలమ్మా

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నిజాంపేటలో కొత్త ఇంట్లో చేరేలోపే కెమెరాలు, అలారం పెట్టించాలనుకుంటున్నామని ఫోనులో చెప్పావు. అల్లుడుగారిది ఊళ్లు తిరిగే ఉద్యోగం కాబట్టి పెట్టించడమే మంచిది. అయితే మన విజయవాడ ఇంట్లో ఆ పని ఎలా జరిగిందో నీకు పూర్తిగా తెలియదు. నువ్వు బెంగపడతావని మీ అమ్మ చెప్పనివ్వలేదు. డబ్బు కట్టేముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

కొటేషనులో రాసినదానికీ గోడకు బిగించినదానికీ పొంతన లేదు. నాలుగు కెమెరాలు, 2 టెరాబైట్ల హార్డ్‌డిస్కు, రాగి తీగ, పైపులో వైరింగు అని కాగితం మీద ఉంది. వచ్చిన కుర్రాళ్లు చీకటి పడేలోపు ముగించాలనే తొందరలో పైపు ఊసే లేకుండా సన్‌షేడ్ కింద నుంచి తీగ లాగేశారు. మొదటి వానకే గేటు కెమెరా ఆగిపోయింది. మనకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి విప్పిస్తే, జాయింటు చుట్టూ నల్ల టేపు తప్ప మరేమీ లేదు. లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. తీగ చివర బ్లేడుతో గీకి చూపించాడు: పైన రాగి పూత, లోపలంతా తెల్లగా అల్యూమినియం.

హార్డ్‌డిస్కు సంగతి ఇంకా ఆలస్యంగా బయటపడింది. ఎదురింటివారి బండి పోతే, కొన్ని వారాల తర్వాత పోలీసులు మన రికార్డింగు అడిగారు. ఆ రోజుది ఎప్పుడో చెరిగిపోయింది. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాత్రింబగళ్లు రికార్డు చేస్తే రోజుకు 21 గిగాబైట్లు దాటుతుంది, నాలుగింటికీ కలిపి 86. మనకు పెట్టింది 1 టెరాబైటు డిస్కు. అందులో 12 రోజుల రికార్డింగు కూడా నిలవదు. బిగించిన రోజే రికార్డరు మెనూలో డిస్కు ఎంతో నీ కళ్లతో చూసుకో.

నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది పాస్‌వర్డు. కెమెరాలను ఫోనులో చూసే యాప్‌ను, వాటిని బిగించిన కంపెనీ మనిషి తన ఖాతాతో మొదలుపెట్టి, మనకు చూసేందుకు మాత్రం అనుమతి ఇచ్చాడు. అంటే వరండాలో మీ అమ్మ కూర్చుని పూలు కట్టుకుంటుంటే అతను తన ఫోనులో చూడగలడు. ఇల్లు మనది, తాళంచెవి మేస్త్రి జేబులో ఉన్నట్టు! ఖాతా మా పేరుకు మార్చమంటే, ముందు వార్షిక నిర్వహణ రుసుము కట్టమన్నారు. మన ఇంటి దృశ్యాలు మనకు ఇవ్వడానికి రుసుము ఏమిటమ్మా? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డును అలాగే వదిలేయడం ఇంకో ప్రమాదం. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము అలాంటి కెమెరాలను, రికార్డర్లను లక్షల సంఖ్యలో లొంగదీసుకుని, అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి స్తంభింపజేసింది. అందుకే ఖాతా నీ ఫోను నంబరుతో, నీ ఎదుటే తెరిపించు. వాళ్లు గడప దాటేలోపే పాస్‌వర్డు మార్చు. కెమెరాలకు భద్రతా పరీక్షలను కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది కాబట్టి మోడల్ నంబరు కూడా కొటేషనులో రాయించు.

ఇక బిల్లు. వైరింగు ధరలోనే కలిసి ఉందన్నవాళ్లు, పని అయ్యాక మీటరు లెక్కన కేబులుకు విడిగా వేశారు. పక్కా బిల్లు అడిగితే 18 శాతం జీఎస్టీ మీద పడుతుందని బెదిరించి చేతిరాత చీటీ ఇచ్చారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. చీటీ పట్టుకుని వెళ్తే వారంటీ ఎవరిస్తారు? పైగా యాప్ నమోదు కోసమని చెప్పి యూపీఐలో ఆటోపేకు అనుమతి తీసుకున్నారు. రెండో ఏడాది నిర్వహణ రుసుము దానంతట అదే కోసుకుపోయింది. ఆటోపేలో డబ్బు తీసే ముందు, కనీసం 24 గంటల ముందుగా కబురు రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అలాంటి సందేశం వస్తే పక్కన పెట్టకు. యూపీఐ యాప్‌లోనే ఆటోపే జాబితా తెరిచి రద్దు చేయవచ్చు.

చివరికి 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేసి, కొటేషను, చీటీ, చిలుము పట్టిన జాయింటు ఫోటోలు అన్నీ పంపించాను. అప్పటిదాకా ఫోను ఎత్తనివాళ్లే వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. నిర్వహణ రుసుము, కేబులు డబ్బు వెనక్కి ఇచ్చారు, డిస్కు మార్చారు, ఖాతా నా పేరుకు వచ్చింది. వైరింగు మాత్రం నేను వేరే మనిషితో మళ్లీ చేయించుకున్నాను, వాళ్ల చేతికి మళ్లీ గోడ అప్పగించడం నాకు ఇష్టం లేకపోయింది. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవాణ్ణే. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు, రెండేళ్లలోపు ఫిర్యాదు చేస్తే చాలు.

అడ్వాన్సు కొద్దిగానే ఇవ్వు. మిగతాది రాత్రి చీకట్లో, పొద్దున ఎండలో గేటు దగ్గర మనిషి ముఖం స్పష్టంగా కనిపిస్తుందో లేదో చూసుకున్నాకే కట్టు. తూర్పు వాకిలి కాబట్టి ఎండ నేరుగా లెన్సులో పడితే ముఖాలు తెలియవు. పడకగది వైపు మాత్రం ఒక్క కెమెరా కూడా వద్దు.

కొటేషను రాగానే ఫోటో తీసి నాకు పంపించు, సంతకం ఆ తర్వాతే. అవసరమైతే బిగించే రోజుకు నేను, మీ అమ్మ వచ్చి దగ్గరుండి చూసుకుంటాం. అల్లుడుగారికి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ నాన్న