భివండీ నుంచి తెచ్చిన కబుర్లు

బావా,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు. నేను ఇన్నాళ్ళూ ముంబై దగ్గరి మగ్గాల ఊరు భివండీలో, పద్మనగర్‌లో మా చిన్నాయన ఇంట్లో ఉన్నా. అక్కడే రాద్దామని కూర్చుంటే గోడ అవతల సాంచాల (కరెంటు మగ్గాల) చప్పుడుకి ఒక్క ముక్కా కదల్లేదు. ఆ మోతలో ఎట్లా నిద్రపోతారని చిన్నమ్మని అడిగితే నవ్వింది. కరెంటు పోయి సాంచాలు ఆగితేనే ఆమెకు మెలకువ వస్తుందట!

నిమజ్జనం ముందు శాంతి కమిటీకి రమ్మని స్టేషన్ నుంచి పిలిచారు, పోవాలా వద్దా అని అడిగావు కదా. అదే ప్రశ్న చిన్నాయన ముందు పెట్టా. సిరిసిల్ల నుంచి నూలు కండెలు చుట్టే పనికని పోయిన మనిషి, అక్కడ అన్నీ చూశాడు. 1984 మేలో అక్కడ జరిగిన హిందూ ముస్లిం అల్లర్ల సంగతి అడిగితే మంటల గురించి చెప్తాడేమో అనుకున్నా. ఆయన చెప్పింది నిశ్శబ్దం గురించి. కర్ఫ్యూ పెడితే ఊళ్ళో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయట. మీటరు లెక్కన కూలి కదా, బట్ట దిగకపోతే పైసలు లేవు. సేటు ముస్లిమైనా మార్వాడీ అయినా, సాంచె నడిపేది తెలుగువాడైనా యూపీవాడైనా, వారం తిరిగేసరికి అందరి ఇళ్ళలోనూ బియ్యం డబ్బా అడుగంటింది.

ఆ ఊరికి 1988లో సురేశ్ ఖోపడే అనే డీసీపీ వచ్చాడు. అప్పటిదాకా ఉన్నవి నువ్వు చెప్పిన రకం కమిటీలే: పండగకు రెండు రోజుల ముందు నలుగురు లీడర్లు, సమోసాలు, ఫొటో. ఆయన పేటపేటకీ మొహల్లా కమిటీలు పెట్టించాడు. అందులో మామూలు జనం, హిందువులూ ముస్లింలూ కలిసి. అసలు కిటుకు ఏంటంటే, గొడవలేమీ లేని రోజుల్లో కూడా కూర్చునేవాళ్ళు. నల్లా దగ్గర తగువు, మొగుడూ పెళ్ళాల పంచాయితీ, ఇట్లాంటివే ఎక్కువట. అవి తేలుస్తూ తేలుస్తూ ఒకరి గడప ఒకరికి తెలిసింది. పోలీసువాడు మొదలుపెట్టినదాన్ని జనం పని అంటావేంటని నువ్వు అడ్డం వస్తావని తెలుసు. నేనూ అదే అన్నా. "విత్తనం ఎవడిదైతే ఏంరా, నీళ్ళు పోసింది మేమే కదా" అన్నాడు చిన్నాయన.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. ఆ డిసెంబర్, జనవరిల్లో ముంబై అల్లర్లలో దాదాపు 900 మంది చచ్చిపోయారని వాటిమీద విచారణ చేసిన శ్రీకృష్ణ కమిషన్ లెక్క. గంటన్నర, రెండు గంటల దారిలో ఉన్న భివండీ మాత్రం తగలబడలేదు. 1970లోనూ 1984లోనూ తగలబడిన ఊరు బావా అది! పుకారు లేస్తే అది నిజమో కాదో పోయి కనుక్కునే మనిషి అవతలి గల్లీలో ఉన్నాడు, అంతే తేడా. ఈ సంగతిని అశుతోష్ వార్ష్ణేయ్ అనే ప్రొఫెసర్ కూడా పరిశీలించి రాశాడు.

అట్లాగని నేను భివండీకి హారతి పట్టడం లేదు. 2006 జూలైలో పోలీసు స్టేషన్ కట్టే జాగా మీద గొడవ లేచి, కాల్పుల్లో ఇద్దరు, జనం చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్ళు పోయారు. అప్పటికి కమిటీలు పేరుకే మిగిలాయని చిన్నాయన మాట. ఆఫీసర్లు మారారు, పాత సభ్యులు ముసలివాళ్ళయ్యారు, "అంతా బాగానే ఉంది కదా" అని కూర్చోవడం మానేశారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు, చేతిలో ఉన్న కండె తిప్పుతూ ఉన్నాడు.

కాబట్టి మీటింగుకి పో. ఫొటోలో వెనక వరసలో నిలబడు, సమోసా తిను. నిమజ్జనం అయిపోయాక మాత్రం ఆ వెల్డింగు షాపాయన్ని, మీ గల్లీ చివర కుట్టుమిషన్ ఆమెనీ ఒకసారి కూర్చోబెట్టు. పెద్ద మాటలేం వద్దు. మీ వాడలో మోరీ నిండి రెండువైపుల ఇళ్ళలోకీ కంపు కొడుతోందని రాశావు కదా, దాంతో మొదలుపెట్టు.

చిన్నమ్మ నీకు దుప్పటి ఒకటి పంపింది. దసరాకి వస్తూ తెస్తా. అప్పటికి ఆ మోరీ సంగతి ఏమైందో చెప్పాలి నువ్వు.

నీ దోస్తు