ఇంటర్నెట్‌కు కలిపే పరికరాల భద్రత గురించి బహిరంగ లేఖ

ఎలక్ట్రానిక్ వస్తువుల ప్రమాణాలను నిర్ణయించే ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) లక్షలాది కెమెరాలను, రౌటర్లను లోబరచుకున్నది గొప్ప తెలివితేటలతో కాదు. తయారీదారులు పెట్టి పంపిన 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను వరుసగా ప్రయత్నించి చూసింది, అంతే. ఆ ఏడాది అక్టోబరు 21న అలా చిక్కిన పరికరాలే డైన్ అనే డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ల పేర్లను ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చే సేవ) సంస్థపై విరుచుకుపడడంతో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు. వాడేవారి అజాగ్రత్తే కారణమనడం సులువు గానీ, ఆ కెమెరాల్లో కొన్నిటికి టెల్‌నెట్ (దూరం నుంచి పరికరంలోకి లాగిన్ అయ్యే పద్ధతి) పాస్‌వర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే) పాతుకుపోయి ఉన్నందున, కొన్నవారు మార్చాలనుకున్నా మార్చలేకపోయేవారు.

నా దగ్గరున్న కెమెరా అడుగున అంటించిన చీటీ మీద యూజర్‌నేమ్ ‘అడ్మిన్’, దాని కిందే పాస్‌వర్డ్ కూడా ‘అడ్మిన్’. నాలుగేళ్లుగా ఒక్క అప్‌డేట్ రాలేదు. యాప్ మాత్రం ‘మీ పరికరం తాజాగా ఉంది’ అంటూ ఆకుపచ్చ టిక్కు చూపిస్తూనే ఉంది.

బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి అందరికీ ఒకటే అయిన పాస్‌వర్డ్‌లను చట్టంతో నిషేధించి, భద్రతా అప్‌డేట్‌లు కనీసం ఎంతకాలం ఇస్తారో ప్రకటించాలని తయారీదారులకు నిబంధన పెట్టింది. మీరు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ గడువు తేదీని అట్టపెట్టె మీదే పెద్ద అక్షరాలతో ముద్రించాలని ఆదేశించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక వినియోగదారు