టైమ్ సరిగ్గా వాడుకోమంటున్నారు, ముందు మా లైబ్రరీ అవర్ మాకివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, పత్రికల విద్య పేజీల్లోనూ కాలేజీ మీటింగుల్లోనూ ఒకటే మాట. పిల్లలు టైమ్ వేస్ట్ చేస్తున్నారు, ఫోన్ పక్కన పెట్టి ప్లాన్ ప్రకారం చదువుకోవాలి అని. నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను, ఆ మాటలో తప్పుందని అనను. కానీ మా రోజులో మా చేతిలో మిగిలే టైమ్ అసలు ఎంత అని మాత్రం ఎవరూ అడగరు.

కిందటి సెమిస్టర్‌లో నాకు రెండు సబ్జెక్టులు పోయాయి. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు, తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ తర్వాత ఒక వారం పాటు చిన్న నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకుని ఏ గంట ఎక్కడ పోతోందో రాశాను. వారానికి ఉండేవి 168 గంటలు. నిద్ర 46, కాలేజీ 39, భువనగిరి నుంచి ఘట్‌కేసర్ అవతల ఉన్న కాలేజీకి బస్సు, ఆటో, ఎదురుచూపులు అన్నీ కలిపి 26, ల్యాబ్ రికార్డులు, అసైన్‌మెంట్లు 13, తిండి, స్నానం, ఇంటి పని 20, ఫోన్ 11. అన్నీ పోగా చదువుకోవడానికి మిగిలింది 13 గంటలు, అందులో 7 ఆదివారంవే. అంటే కాలేజీ ఉన్న రోజున నాకు దక్కేది ఒక్క గంట. అదీ రాత్రి తొమ్మిదిన్నర తర్వాత, కళ్లు మూతలు పడుతుంటే.

ఫోన్‌కి పోయిన 11 గంటలు నా తప్పే, వాటిని సగానికి తగ్గించాను. 13 గంటల రికార్డుల సంగతి చూడండి. కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రాసి, రన్ చేసి, అవుట్‌పుట్ సార్‌కి చూపిస్తాం. అదే ప్రోగ్రామ్‌ని మళ్లీ అబ్జర్వేషన్ బుక్‌లో చేత్తో రాయాలి, సంతకం అయ్యాక మూడోసారి రికార్డులోకి ఎక్కించాలి, బొమ్మలుంటే ఎడమ పేజీలో పెన్సిల్‌తో. ఒక్క కొట్టివేత ఉన్నా పేజీ మార్చమంటారు. రాత్రి పన్నెండింటికి మా క్లాసులో సగం మంది పక్కవాళ్ల రికార్డు ఫొటో పెట్టుకుని చూసి రాస్తుంటారు, అలా రాసిన దాంట్లో ఒక్క లైను కూడా బుర్రకెక్కదని రాసేవాళ్లకీ తెలుసు, దిద్దేవాళ్లకీ తెలుసు. ఇప్పుడు నేను ల్యాబ్ అయిన రోజే, బస్సు కోసం నిలబడే ముందు, కాలేజీ మెట్ల మీద కూర్చుని అరగంటలో రికార్డు ముగించేస్తున్నాను. నేర్చుకున్నది మొదటి రోజే ఎక్కువగా మరిచిపోతామని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే రాశారు. అది నా విషయంలో నూటికి నూరు శాతం నిజం, అదే రోజు రాసింది వైవాలో, అంటే నోటి పరీక్షలో, అడిగితే చెప్పగలుగుతున్నాను. బస్సులో పుస్తకం తెరిస్తే నాకు తల తిరుగుతుంది, కాబట్టి ఫార్ములాలు నా గొంతుతోనే రికార్డు చేసుకుని వింటున్నాను. వీటితో వారానికి నాలుగైదు గంటలు దొరికాయి.

నా చేతిలో ఉన్నది అంతే. మిగతాది కాలేజీల చేతిలో ఉంది. దేశంలో సాంకేతిక విద్యను చూసే సంస్థ ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా సిలబస్ ప్రకారం బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కి సగటున 20. పాఠానికైతే ఒక క్రెడిట్‌కి వారానికి ఒక గంట, ల్యాబ్‌కైతే రెండు గంటలు. ఆ లెక్కన మాకు వారానికి 24, 25 గంటలు సరిపోవాలి. భోజనం బ్రేక్ తీసేసినా మేం క్లాసులో కూర్చునేది 34 గంటలు పైనే. ఆ మిగతా గంటలు ఏమవుతున్నాయంటే, లైబ్రరీ అవర్, స్పోర్ట్స్ అవర్, మెంటరింగ్ అని టైమ్ టేబుల్‌లో పేర్లుంటాయి, ఆ పీరియడ్లలో కదలకుండా క్లాసులోనే కూర్చోవాలి, అటెండెన్స్ మాత్రం తీసుకుంటారు. 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరేమోనన్న టెన్షన్‌తో ఎవరూ బయటికి వెళ్లరు. మాట్లాడితే తిడతారు, పుస్తకం తెరిస్తే ఆ గోలలో ఎక్కదు. అరవై మంది పిల్లల పది గంటలు, ప్రతి వారం, ఇలా పోతున్నాయి. మమ్మల్ని టైమ్ వేస్ట్ చేయొద్దనే పెద్దలు దీన్ని ఒకసారి లెక్క కట్టాలి.

హాస్టల్ పిల్లలకి సాయంత్రమైనా కాస్త దొరుకుతుంది. మండలాల నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లకి, ఇంటికెళ్లాక వంటింట్లో చెయ్యి వేయాల్సిన ఆడపిల్లలకి, సాయంత్రాలు కేటరింగ్‌కో డెలివరీకో వెళ్లే అబ్బాయిలకి కాలేజీ లోపల దొరికే ఆ గంటలే దిక్కు.

అడిగేవి పెద్ద కోరికలేం కావు. ప్రోగ్రామింగ్ ల్యాబుల్లో చేతిరాత రికార్డు తీసేసి ప్రింట్ తీసుకోండి, కావాలంటే వైవా ఇంకా గట్టిగా అడగండి, మేం సిద్ధం. మిడ్ పరీక్షల తేదీలు సెమిస్టర్ మొదట్లోనే చెప్పి అవే ఉంచండి, ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో వాయిదా అంటే చదివిందంతా మళ్లీ మొదటికొస్తుంది. మా లైబ్రరీ నాలుగున్నరకే మూసేస్తారు, మాకు క్లాసులు అయిపోయేది నాలుగింటికి.

వచ్చే సెమిస్టర్ టైమ్ టేబుల్ ఇంకా వేయలేదని విన్నాను. గురువారం చివరి పీరియడ్ దగ్గర లైబ్రరీ అవర్ అని రాసేటప్పుడు, ఆ గంట మమ్మల్ని నిజంగా లైబ్రరీలోకి పంపమని ప్రిన్సిపాళ్లందరినీ మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక బీటెక్ విద్యార్థిని,
భువనగిరి