నర్సుల శిక్షణ గంటలు వార్డులోనే లెక్కించాలి

సంపాదకులకు,

నర్సు తన రిజిస్ట్రేషన్‌ను 5 ఏళ్లకోసారి రిన్యువల్ చేయించుకోవాలి. ఆ 5 ఏళ్లలో 150 గంటల నిరంతర విద్య పూర్తిచేసినట్టు చూపించాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన లెక్క. లెక్క మంచిదే. ఆ గంటలు పోగవుతున్న తీరు మీదే మా అభ్యంతరం. ఒకరోజు సదస్సుకు వెళితే సాయంత్రానికి సర్టిఫికెట్ చేతికొస్తుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, గ్రూప్ ఫొటో కూడా ఆ గంటల్లోకే వస్తాయి. ముందురోజు రాత్రి 8కి డ్యూటీ ఎక్కి పొద్దున 8కి దిగినవారు వెనక వరుసలో కునికిపాట్లు పడుతుంటారు. హాజరు పట్టీలో సంతకం మాత్రం పడుతుంది.

వార్డులో పొరపాటు జరిగే చోటు వేరు. ఇన్సులిన్‌నే తీసుకోండి. మన దేశంలో మి.లీ.కి 40 యూనిట్ల వయల్ (మందు సీసా) ఉంది, 100 యూనిట్లదీ ఉంది. సిరంజిలూ రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. తిరగేసి, 40 యూనిట్ల ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజిలో లాగితే 4 యూనిట్లే. ఈ రెండోది మరీ మోసం. షుగర్ దిగలేదని డాక్టర్ డోసు పెంచుతారు. మర్నాడు వేరే షిఫ్టు సిస్టర్ సరైన సిరంజి వాడగానే పేషెంటు తెల్లవారుజామున చెమటలు పట్టి పడిపోతాడు. అప్పుడు అందరూ కొత్త డోసును తప్పుపడతారు, సిరంజిని ఎవరూ అడగరు. దీన్ని స్లైడ్ మీద చూపిస్తే గుర్తుండదు. రెండు వయళ్లు, రెండు సిరంజిలు చేతికిచ్చి లాగించాలి.

పొటాషియం క్లోరైడ్ అంతకన్నా ప్రమాదం. 10 మి.లీ. ఆంపూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు (పొటాషియాన్ని కొలిచే యూనిట్లు) ఉంటాయి. దీన్ని పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కించకూడదని నర్సులందరికీ తెలుసు. తెలిసినవారే చేసే తప్పు ఇంకొకటుంది: స్టాండుకు వేలాడుతున్న సెలైన్‌లోకి కింది పోర్టు నుంచి మందు కలిపి అలాగే వదిలేయడం. మందు ద్రావణం బరువెక్కువ. మూతి దగ్గరే నిలిచిపోయి, మొదట దిగే సెలైన్‌లో చిక్కగా గుండెకు చేరుతుంది. డోసు సరైనదే అయినా గుండె ఆగిపోవచ్చు. క్లాంప్ బిగించాలి, సీసా కిందికి దించాలి, కలపాలి, కనీసం పదిసార్లు తిరగేయాలి, మందు పేరు, మోతాదు, సమయం రాసిన లేబుల్ అంటించాలి, ఆ తర్వాతే తగిలించాలి. మామూలు వార్డులో గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు దాటించకూడదు కాబట్టి ఆ ఒక్క ఆంపూల్‌కే కనీసం 2 గంటలు పట్టాలి. చుక్కల లెక్క కూడా ఇలాంటిదే. 500 మి.లీ. 4 గంటల్లో వెళ్లాలంటే 20 చుక్కల సెట్టుతో (అంటే 20 చుక్కలకు 1 మి.లీ. దిగే గొట్టంతో) నిమిషానికి 42, 15 చుక్కల సెట్టుతో 31. సెట్టు కవరు మీది అంకె చూడకుండా తిప్పే చేతులు చాలానే ఉన్నాయి.

గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి చేసే సీపీఆర్ సర్టిఫికెట్ 2 ఏళ్లు చెల్లుతుంది. చేతి నైపుణ్యం మాత్రం 3 నుంచి 6 నెలల్లోనే తగ్గుతుంది. నిమిషానికి 100–120 సార్లు, 5–6 సెం.మీ. లోతు అని నోటితో చెప్పినవారే బొమ్మ మీద పైపైన నొక్కుతారు, లేదా ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వరు. 3 నెలలకోసారి 2 నిమిషాలు నొక్కిస్తే చాలు, ఎక్కడ తప్పుతోందో తెలిసిపోతుంది.

అందుకే మా ప్రతిపాదన. 150 గంటలను 60 నెలలకు పంచితే నెలకు రెండున్నర గంటలు, అంటే నెలకు పదిసార్లు పావుగంట. పొద్దున 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటల డ్యూటీ మార్పిడుల్లో హ్యాండోవర్ అయ్యాక మంచం పక్కనే ఒక్క అంశం. డ్యూటీ వేళలోనే, మూడు షిఫ్టులకూ. వార్డు భాష తెలుగు కాబట్టి క్లాసూ తెలుగులోనే. అంశాన్ని ఆ వార్డులో దొర్లిన, లేదా దొర్లబోయి తప్పిన పొరపాట్ల పుస్తకం నుంచే ఎంచుకోవాలి. ఆ పుస్తకం ఇప్పుడు చాలాచోట్ల ఖాళీ. రాస్తే మెమో వస్తుందని ఎవరూ రాయరు. పేర్లు అడగకుండా రాయించాలి.

పావుగంట ఎక్కడిదని సూపరింటెండెంట్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కౌన్సిల్ నియమం ప్రకారం వార్డుల్లో బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి, పైన 30 శాతం లీవ్ రిజర్వ్ (సెలవులో ఉన్నవారి బదులు పనిచేసే అదనపు నర్సులు) ఉండాలి. ఆ 30 శాతం నింపకుండా శిక్షణ గురించి మాట్లాడితే అది నర్సు నిద్రలోంచి, వీక్లీ ఆఫ్‌లోంచి కోసిందే అవుతుంది. చిన్న నర్సింగ్‌హోముల్లో నేర్పేవారే ఉండరు. జిల్లాలోని నర్సింగ్ కాలేజీ ట్యూటర్లు బొమ్మ, సిరంజిలు పట్టుకుని నెలకోసారి అక్కడికి వెళ్లేలా చేయవచ్చు.

1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. దాని కింద రాష్ట్ర కమిషన్లూ ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ నిబంధనలు రాసేవారికి ఒక విన్నపం. కొత్త మందులు, కొత్త మార్గదర్శకాలు తెలుసుకోవడానికి సదస్సులు ఉండనివ్వండి. 150లో కనీసం 75 గంటలు మాత్రం వార్డులోనే జరగాలని రాయండి. రిన్యువల్ దరఖాస్తులో ఎన్ని గంటలు కూర్చున్నారన్న గడి పక్కన ఏ పని చేసి చూపించారు, ఎవరు చూశారు అన్న రెండు గడులు చేర్చండి.

– ఇద్దరు నర్సింగ్ ట్యూటర్లు, వరంగల్