మనాలి వచ్చేవాళ్లకు: స్వెట్టర్లు మానకండి

అందరికీ నమస్కారమండీ. బెజవాడ ఎండలు చూసి కాటన్ బట్టలతో బయల్దేరేరు సుమా! మనాలి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉంది, ఏప్రిల్‌లో అక్కడి వాతావరణాన్ని అస్సలు నమ్మలేం. మధ్యధరా సముద్రం వైపు నుంచి వానను, మంచును మోసుకొచ్చే పశ్చిమ అలజడులు (వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు) తగిలితే పొద్దున ఎండ కాసిన చోటే సాయంత్రానికి వడగళ్లు, ఇంకా పైన మంచు.

వాన వెలిసి, మబ్బు విడిపోయి, గాలి ఆగిన రాత్రి అసలు చలి. నేల వేడంతా పైకి పోతుంది, చల్లగాలి లోయలోకి దిగుతుంది. తెల్లారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. కులు లోయలో యాపిల్ పూత కూడా ఇప్పుడే. మైనస్ 2 డిగ్రీలకు పడిపోతే విరిసిన పూలు కొన్ని లోపల నల్లబడతాయి, ఇక వాటికి కాయ కట్టదు. కల్లంలో మిర్చి ఆరబోశాక మబ్బు పడితే మన రైతుకుండే టెన్షనే అక్కడి యాపిల్ రైతులదీను. అందుకే తోటల్లో అడక్కుండా దిగొద్దు, ఫొటోల కోసం కొమ్మలు వంచొద్దు.

మనాలికి పైనున్న కొండ కనుమ రోహ్‌తంగ్ పాస్ మీద ఆశ పెట్టుకోకండి, ఏప్రిల్‌లో సాధారణంగా మూసే ఉంటుంది. మందపాటి స్వెట్టర్, రెయిన్‌కోటు, రెండో జత బూట్లు సర్దుకోండి. పెద్దవాళ్లకు మంకీ క్యాప్ తప్పనిసరి, పిల్లలు నవ్వితే నవ్వనీండి. రైలెక్కే ముందు రోజు వాతావరణ శాఖ సూచన చూసి ఇక్కడే పెడతాను.