వీసా అక్కర్లేని దారి ఎక్కడిదాకా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆగ్నేయాసియా దేశాల గురించి మన పత్రికల్లో రెండు రకాల వార్తలు వస్తున్నాయి. పర్యాటక పేజీలో థాయ్‌లాండ్‌కి వీసా అక్కర్లేదనీ, కంబోడియాకి ఆన్‌లైన్‌లోనే వీసా దొరుకుతుందనీ, లావోస్‌లో కొత్త రైలెక్కి కొండలు చూడొచ్చనీ రాస్తారు. నేర వార్తల పేజీలో మాత్రం ఆ చుట్టుపక్కలే మనవాళ్ళను బంధించి సైబర్ మోసాలు చేయిస్తున్నారని ఉంటుంది. ఈ రెండు పేజీలవాళ్ళూ ఒకరి వార్తలు ఒకరు చదువుతారా అని నాకు అనుమానం. చదివినవాడి మనసులో చివరికి మిగిలేది ఇంతే: థాయ్‌లాండ్ మంచిది, పక్కనున్న మయన్మార్, కంబోడియా, లావోస్ ప్రమాదం. ఆ లెక్క సరికాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

2025 జనవరిలో వాంగ్ షింగ్ అనే చైనా నటుడు షూటింగ్ ఉందని నమ్మి బ్యాంకాక్‌లో దిగాడు. అక్కడి నుంచి అతన్ని కారులో సరిహద్దు పట్టణం మే సొట్‌కి, ఆపైన మోయి నది దాటించి మయన్మార్ వైపు మ్యావడీ ప్రాంతానికి తీసుకుపోయారు. కొద్ది రోజులకే బయటపడ్డాడు కాబట్టి కథ సుఖాంతమైంది. అతన్ని బంధించింది మయన్మార్ గడ్డమీదే, కానీ అక్కడికి చేర్చిన దారంతా థాయ్‌లాండ్‌ది. విమానాశ్రయం, హైవే, చెక్‌పోస్టులు అన్నీ సజావుగా నడుస్తున్న దేశంలోంచే అతను మాయమయ్యాడు.

చైనా పర్యాటకులు టికెట్లు రద్దు చేసుకోవడం మొదలుపెట్టాక థాయ్ ప్రభుత్వంలో కదలిక వచ్చింది. ఫిబ్రవరి 5న మయన్మార్ సరిహద్దులో 5 చోట్లకు కరెంటు ఆపేసింది, ఇంటర్నెట్, ఇంధనం కూడా. అంటే ఆ రోజుదాకా అమ్ముతూనే ఉందన్నమాట! ఆపిన తర్వాత ఏమైంది? మోసాలు చేయించే గోడల మధ్య ఆవరణల్లో, అంటే కాంపౌండ్లలో, జనరేటర్లు మోగాయి, డాబాల మీద శాటిలైట్ ఇంటర్నెట్ డిష్‌లు లేచాయి. ఆ అక్టోబరులో స్పేస్‌ఎక్స్ సంస్థే అలాంటి కాంపౌండ్ల దగ్గర 2,500కు పైగా స్టార్‌లింక్ పరికరాల్ని ఆపేశామని చెప్పిందంటే ఎన్ని వెలిశాయో ఊహించుకోవచ్చు. చీకట్లో మగ్గింది మాత్రం జనరేటర్ కొనలేని మామూలు ఇళ్ళవాళ్ళు. అయినా ఒత్తిడి అసలు పనిచేయలేదని అనను. తర్వాతి వారాల్లో దాదాపు 7,000 మంది బయటికి వచ్చారు. మార్చిలో రెండు రోజుల్లో మన వాయుసేన విమానాలు మే సొట్ నుంచి 549 మంది భారతీయుల్ని తీసుకొచ్చాయి.

కంబోడియా సంగతి చూద్దాం. థాయ్‌లాండ్ నుంచి రోడ్డుమీద వెళ్ళేవాళ్ళు పోయిపెట్ దగ్గర ఒక వింత చూసేవాళ్ళు. థాయ్ ఇమ్మిగ్రేషన్ దాటాక, కంబోడియా ముద్ర పడకముందే, ఆ మధ్య జాగాలో వరసగా కేసినోలు. థాయ్‌లాండ్‌లో కేసినోలు నిషేధం. కంబోడియాలో కేసినో పెట్టుకోవచ్చు గానీ, 1996 చట్టం ప్రకారం ఆ దేశపు పౌరులు అందులో ఆడకూడదు. కాబట్టి ఒక దేశం వద్దన్న వ్యాపారం రెండో దేశం గుమ్మంలో, మొదటి దేశం జనం కోసమే వెలిసింది. రెండు ప్రభుత్వాలకూ తెలుసు, రెండూ ఊరుకున్నాయి. నా దృష్టిలో నేటి సైబర్ ముఠాలకు మూలం ఇక్కడుంది. కంబోడియా తీర పట్టణం సిహానౌక్‌విల్‌లో ఆన్‌లైన్ జూదం పెరిగింది, 2019 ఆగస్టులో అప్పటి ప్రధాని హున్ సేన్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది, కొద్ది నెలలకే కోవిడ్ వచ్చి పర్యాటకులూ రాకుండా పోయారు. ఖాళీ హోటళ్ళు, కంప్యూటర్లు, కాపలాదార్లు మిగిలాయి. జూదం ఆడించిన గదుల్లోనే మోసాలు చేయించడం మొదలైంది. 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం వేసిన అంచనా ప్రకారం ఇలా బలవంతంగా పనిచేస్తున్నవాళ్ళు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు లక్ష మంది. 2022లో సుమారు 40 మంది వియత్నాం యువతీయువకులు కంబోడియా కేసినో ఒకదాని నుంచి పారిపోయి, నదిలో దూకి సొంత దేశం వైపు ఈదారు. అందులో ఒక కుర్రాడు మునిగి చనిపోయాడు.

దాడులు చేశాం, ఇన్ని వేల మందిని పట్టుకున్నాం అని ఈ దేశాలన్నీ లెక్కలు చెబుతాయి. పట్టుబడేది ఎక్కువగా కీబోర్డు ముందు కూర్చున్నవాళ్ళు. భవనం ఎవరిది, అద్దె ఎవరికి వెళ్తోంది అన్నది అడగాల్సిన ప్రశ్న. కంబోడియాలో ప్రిన్స్ గ్రూప్ అనే వ్యాపార సంస్థ అధిపతి చెన్ జీకి ప్రధానమంత్రి సలహాదారు హోదా ఉండేది. 2025 అక్టోబరులో అమెరికా అతని మీద సైబర్ మోసాల కేసు పెట్టి, 1,27,271 బిట్‌కాయిన్లను, అంటే అప్పటి విలువలో దాదాపు 1,500 కోట్ల డాలర్లను, జప్తుకు తెచ్చేదాకా సొంత దేశంలో అతన్ని కదిపినవాడు లేడు. ఆ సంస్థ ఆరోపణల్ని ఖండించింది. ఆ తర్వాత 2026 జనవరిలో కంబోడియా అతన్ని పట్టుకుని చైనాకు అప్పగించింది.

లావోస్ ఇంకో మెట్టు ఎక్కింది. బోకెయో రాష్ట్రంలోని గోల్డెన్ ట్రయాంగిల్ ఆర్థిక మండలిని ఒక చైనా వ్యాపారికి 99 ఏళ్ళ లీజుకిచ్చింది. అక్కడ గడియారాలు బీజింగ్ సమయం చూపిస్తాయి, చెల్లుబాటయ్యేది చైనా యువాన్. 2024 ఆగస్టులో ఫలానా తేదీలోగా ఖాళీ చేసి వెళ్ళిపోండని మోసగాళ్ళకు గడువు పెట్టారు. దొంగలకు ముందస్తు నోటీసు ఇవ్వడం నేనెక్కడా వినలేదు.

చైనా పద్ధతి వేరు. మయన్మార్ ఉత్తర సరిహద్దులో లౌకాయ్ పట్టణాన్ని ఏలుతూ సైబర్ మోసాలు నడిపిన మింగ్ కుటుంబాన్ని తన కోర్టుకే రప్పించుకుంది. 2025 సెప్టెంబరులో 11 మందికి మరణశిక్ష పడింది. ఆ శిక్షల్ని మెచ్చుకోను గానీ, కింది కూలీల్ని కాకుండా యజమానుల్ని పట్టుకోవడం మిగతావాళ్ళు చేయనిది. చైనాకు అంత పలుకుబడి ఉంది, సాగింది. అలాంటి పలుకుబడి లేని దేశాల పిల్లలు ఇంకా ఆ గదుల్లోనే ఉన్నారు.

ఇక రోజువారీ బతుకు. దీని గురించి రాసేవాళ్ళు తక్కువ. 2025 జూన్‌లో థాయ్‌లాండ్ కంబోడియా వైపు గేట్లు మూసినప్పుడు చెప్పిన కారణాల్లో సైబర్ నేరాలూ ఉన్నాయి. అసలు మంట సరిహద్దు తగాదాది. మే నెలాఖరులో కాల్పుల్లో ఒక కంబోడియా సైనికుడు చనిపోయాడు, జులైలో 5 రోజులు, మళ్ళీ డిసెంబరులో యుద్ధమే జరిగింది. ఈలోగా కంబోడియా థాయ్ పళ్ళు, కూరగాయలు, పెట్రోలు, చివరికి టీవీ సీరియళ్ళు కూడా ఆపేసింది. థాయ్ వైపు సరిహద్దు ఊరు అరణ్యప్రథేట్‌లోని రోంగ్ క్లుయా సంతకు రోజూ పొద్దున్నే గేటు దాటి వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే కంబోడియా చిరువ్యాపారులకు, సరుకు బళ్ళు లాగే కూలీలకు బేరం పోయింది. థాయ్ పొలాల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే లక్షల మంది మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. పర్యాటకుడికి వచ్చిన కష్టమల్లా బ్యాంకాక్ నుంచి సియెం రీప్‌కి బస్సు బదులు విమానం ఎక్కడం. ముఠాలకు గేటుతో పనేముంది? వాళ్ళ సొమ్ము క్రిప్టో కరెన్సీలో దాటుతుంది.

మే సొట్‌లో దీనికి పూర్తి భిన్నమైనది ఒకటుంది. డాక్టర్ సింథియా మాంగ్ 1989లో మొదలుపెట్టిన మే తావ్ క్లినిక్‌కి నది అవతలి నుంచి రోగులు వస్తూనే ఉన్నారు. ఎవరి దగ్గర ఏ కాగితం ఉందని చూడకుండా వైద్యం చేస్తారు. థాయ్ అధికారులు చూసీచూడనట్టు ఉండబట్టే అది ఇన్నేళ్ళు నడిచింది. ముఠాలు బతికిందీ చూసీచూడనట్టు ఉండబట్టే కదా అని ఎవరైనా అనొచ్చు, నిజమే. ఎవరిని చూసీచూడనట్టు వదలాలి, ఎవరిని వదలకూడదు అన్న వివేకమే అక్కడి ప్రభుత్వాలకు కావాలి. గేటు మూసేస్తే ఇద్దరికీ ఒకే తలుపు పడుతుంది, అందులో ఒకరికి వేరే దారి ఉంది.

మన వైపు చూసుకుంటే, 2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియాకు యువకుల్ని తరలించిన ఏజెంట్లను పట్టుకోబట్టి విషయం బయటికొచ్చింది. అంతకు ముందే, 2022 సెప్టెంబరులో, థాయ్‌లాండ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాల పేరుతో మోసాలు జరుగుతున్నాయని విదేశాంగ శాఖ హెచ్చరించింది. కానీ చట్టంలో కన్నం అలాగే ఉంది. పనికోసం విదేశం వెళ్ళేముందు మన ప్రభుత్వ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అడిగే 18 దేశాల జాబితాలో థాయ్‌లాండ్ ఉంది, కంబోడియా, లావోస్, మయన్మార్ లేవు. పైగా పదో తరగతి పాసైనవాడికి ఆ క్లియరెన్సే అక్కర్లేదు. ఈ ముఠాలకు కావాల్సింది కంప్యూటరూ ఇంగ్లిషూ వచ్చిన చదువుకున్న పిల్లలు. గల్ఫ్ ఎడారికి వెళ్ళే కూలీ కోసం 1983లో రాసిన చట్టం వీళ్ళను చూడనే చూడదు. వాళ్ళు వెళ్ళేది టూరిస్టులుగా, అమ్మానాన్నలు ఎయిర్‌పోర్టుకొచ్చి సాగనంపగా.

మీ పత్రికను కోరేది రెండే. థాయ్‌లాండ్‌కి వీసా లేకుండా వెళ్ళొచ్చని వార్త వేసినప్పుడల్లా, ఆ పద్ధతిలో దిగి ఉద్యోగం చేయడం చెల్లదని, మే సొట్ వైపు తీసుకెళ్తామంటే వెళ్ళొద్దని అదే వార్తలో వేయండి, వేరే పేజీలో కాదు. అలాగే మే సొట్ నుంచి తిరిగొచ్చినవాళ్ళలో ఎంతమంది వాంగ్మూలాల మీద ఇక్కడి ఏజెంట్లకు శిక్షలు పడ్డాయో మీ విలేకరుల చేత అడిగించండి. విమానం దిగిన రోజు ఫొటోలు అందరం చూశాం. ఆ కేసులు ఏ కోర్టులో ఉన్నాయో తర్వాత ఎక్కడా చదవలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు